సగం వంగిన నడుము

పోయిన వారం మిమ్మల్ని మూసిన తలుపు దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. ఇలేరి రాష్ట్ర శాసనసభ గవర్నర్ బాంజోకోను పదవిలోంచి తీసేసింది. ఆయన కుర్చీలోకి డిప్యూటీ గవర్నర్ మొరెనికె అడెగ్బిటె, అంటే మా మేడమ్, రావాలి. మైదానం నిండా జనం ఉన్నారు, పోలీసు బ్యాండు సిద్ధంగా ఉంది. ప్రమాణం చేయించాల్సిన చీఫ్ జడ్జి మాత్రం కారు దిగడం లేదు. అక్కడ బాంజోకో మనుషులు కోర్టు మెట్లెక్కుతున్నారని ఫోన్లు వస్తున్నాయి. కోర్టు ఆపమని చెప్పేలోపు ప్రమాణం అయిపోవాలి. వేదిక వెనక చిన్న గదిలో మేడమ్, ఆవిడ ప్రొటోకాల్ ఆఫీసర్‌నైన నేను ఎదురుచూస్తున్నాం. సరిగ్గా అప్పుడే తలుపు మీద చేతికర్రతో కొట్టిన చప్పుడు వినిపించింది.

వెళ్ళి తలుపు తీశాను.

ఒలోయె లాడిపో లోపలికి వచ్చారు. ఒలోయె అంటే మా దగ్గర బిరుదున్న పెద్దమనిషి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తెల్లటి గుర్రపుతోక చామరం. ఆయన వెనక వదులైన అగ్బడా అంగీ అంచులు నేల ఊడుస్తూ వస్తున్నాయి. మా రాష్ట్రంలో ఓట్లు వేసేది జనమే. కానీ ఎవరికి వెయ్యాలో ఆ చామరం చెబుతుంది. బాంజోకోను గవర్నర్ చేసింది ఆయనే. తీసేయించిందీ ఆయనే.

తీసేసినందుకు సభలో చదివిన కారణాలు చాలా పొడుగు. సంతలో మిరపకాయలమ్మే ఆవిణ్ణి అడగండి, ఒక్క ముక్కలో చెబుతుంది. ఒలోయె పుట్టినరోజు విందులో అందరు మగవాళ్ళూ ఆయన ముందు నేలమీద బోర్లా పడుకుని దణ్ణం పెట్టారు. గవర్నర్ బాంజోకో మాత్రం నడుము సగం వంచి, వేళ్ళతో నేల తాకి లేచిపోయాడు. హాలంతా గప్‌చుప్. పళ్ళెంలో జొలోఫ్ అన్నం చల్లారిపోయినా ఎవరూ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆ మర్నాటి నుంచే సభలో సంతకాలు మొదలయ్యాయి. అధికారం తలకెక్కిందని కొందరన్నారు, పొగరన్నారు ఇంకొందరు. బాంజోకో నోరు విప్పలేదు.

మేడమ్ ఒలోయెను చూడగానే లేచింది. నేను రెప్ప వేసి తెరిచేలోపు ఆవిడ రెండు మోకాళ్ళూ నేలకి ఆనాయి.

"దణ్ణం బాబా."

"లే తల్లీ, లే. చల్లగా ఉండు." ఆయన గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నారు. నేనూ మోకాళ్ళ మీద ఉన్నాను. ఆయన చూపు నా తలమీద ఆగింది. "ఈ పిల్లకేనా మొన్న పెళ్ళయింది? తలకి గెలె భలే కుదిరిందే. నారింజరంగు పువ్వులా ఉంది. ఎవరు కట్టారు?"

"మా ఆయన, బాబా."

నిజమే మరి. మా అత్తగారు పెళ్ళికూతుళ్ళకి తలగుడ్డలు కట్టే మనిషి. ఆవిడ పక్కన కూర్చుని చూసి చూసి కొలాపోకి ఆ విద్య వచ్చేసింది. పొద్దున్న నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, నోట్లో పిన్నులు పెట్టుకుని, ఒక్కో మడతా దిద్దుతుంటే నాకు ఆఫీసుకి వెళ్ళాలనే అనిపించలేదు. పెళ్ళయి నెల కూడా కాలేదు. దువ్వెన పక్కన ఇంకో దువ్వెన కనిపిస్తే చాలు, నాకు నవ్వొస్తోంది.

"మగాడు గెలె కట్టాడా!" అన్నారు ఒలోయె. "రాష్ట్రం నిజంగానే మారిపోతోంది మొరెనికె. పోనీలే. మారనివ్వాల్సినవి కొన్ని ఉంటాయి, వద్దనుకునేవి కొన్ని ఉంటాయి."

"చీఫ్ జడ్జి గారు ఇంకా కారు దిగలేదు బాబా," అంది మేడమ్.

"మా అల్లుడికి ఏసీ అంటే ప్రాణం. నేను ఈ చామరం ఊపితే దిగుతాడు."

"మరి ఊపడానికేం?"

"ఊపుతాను. ఊపకుండా ఎక్కడికి పోతాను? నిన్ను గవర్నర్ని చేద్దామనే కదా ఇంత గొడవ పెట్టుకున్నది." ఆయన చామరాన్ని ఒళ్ళో పెట్టుకుని వెంట్రుకలు నిమిరారు. "నీ దగ్గర నాకేమీ వద్దు. మంత్రి పదవులు వద్దు, రోడ్డు పనులు వద్దు. ప్రమాణం కాగానే పెద్దల దీవెన అని మైకులో పిలుస్తారు. నేను వేదికెక్కుతాను. ఇప్పుడు ఇక్కడ చేశావే, అదే అక్కడ చెయ్యి. నీ తలమీద చెయ్యి పెట్టి దీవిస్తాను. టీవీ వాళ్ళు తీసుకుంటారు. అంతే."

బయట డప్పుల వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీ పడుతున్నారు.

"బాబా, నేను ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను కదా," అంది మేడమ్ నెమ్మదిగా. "అన్నేళ్ళలో ఒక్క పిల్లనీ మోకాళ్ళ మీద నిలబెట్టలేదు. మిగతా టీచర్లు నవ్వేవాళ్ళు. నేనే ఒప్పుకునేదాన్ని కాదు. మోకాలు పెద్దల్ని పలకరించడానికి. దాన్ని శిక్షకి వాడితే, రేపు పలకరింపు కూడా శిక్షలాగే కనిపిస్తుంది."

"నేను నిన్ను శిక్షిస్తున్నానా?"

"బాంజోకో గారిని శిక్షించారుగా. ఇప్పుడు నా మోకాళ్ళు చూపించి, చూశారా, వీడలా చేశాడు, ఇది ఇలా చేసింది అని ఊరికంతా పాఠం చెబుతారు. నేను మీ ఇంటికి వస్తాను బాబా. శుక్రవారం శుక్రవారం వస్తాను. మీ ముందుగదిలో, మీ వంటవాళ్ళ ముందు కూడా మోకరిల్లుతాను. నన్ను బడికి పంపమని మా నాన్నకి చెప్పింది మీరే, మర్చిపోలేదు. కానీ ఆ వేదిక మీద నిలబడేది మొరెనికె కాదు. ఇలేరి రాష్ట్రం. దాని మోకాళ్ళు వంచే హక్కు నాకు లేదు."

ఒలోయె నవ్వారు. కోపం లేదు ఆ నవ్వులో. నాకు అందుకే ఎక్కువ భయం వేసింది.

"డిప్యూటీ అంటే స్పేర్ టైరు అని నవ్వుతారు జనం. టైరుకి మాటలొచ్చాయే."

"ఇన్నేళ్ళు డిక్కీలో పడుకున్నాను బాబా. ఆలోచించుకోడానికి బోలెడు టైం దొరికింది."

ఈసారి ఆయన గట్టిగా, పొట్ట కదిలేలా నవ్వారు. కర్ర ఆన్చుకుని లేచారు. "నీ చేత మాట తీసుకోను. అక్కర్లేదు. ఎందుకో చెప్పనా? నువ్వు మంచి ఇంట్లో పెరిగిన దానివి. పెద్దవాడు ఎదురుగా వచ్చి నిలబడితే నీ బుర్ర ఆలోచించేలోపే నీ మోకాళ్ళు వంగుతాయి. ఇందాక వంగలేదూ? నేను గుమ్మం దాటానో లేదో. మిమ్మల్ని అలా పెంచాం." తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశారు. "ఒకవేళ వంగలేదనుకో. బాంజోకోని తియ్యడానికి సభలో లేచిన చేతులు ఇంకా భుజాలకే ఉన్నాయి. మళ్ళీ లేస్తాయి."

ఆయన వెళ్ళిపోయారు. కిటికీలోంచి చూస్తే చామరం గాల్లో ఊగింది. నల్ల కారు తలుపు తెరుచుకుంది.

మేడమ్ ఆ కుర్చీలో కూలబడింది. "తెనీ, ఆయన చెప్పింది నిజమే. నా భయం కూడా అదే. నిన్న ఇంట్లో ప్రాక్టీసు చేశాను. మా ఆయన్ని ఒలోయె లాగా కర్ర పట్టుకుని నడిచి రమ్మన్నాను. ఆయన ఇంకా వరండాలోనే ఉండి ఒలోయెలా దగ్గారు, అంతే. మోకాలు వంగిపోయింది."

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది.

"ఈ నడుం గుడ్డ బిగించి కట్టు. వంగలేనంత గట్టిగా."

"మెట్లెక్కలేరు మేడమ్."

"అయితే ఎత్తుకెళ్ళు."

"మొదటి మహిళా గవర్నర్‌ని బస్తాలా మోసుకొచ్చారని రాస్తారు."

ఆవిడ నా వైపు చూసింది. బడిలో ఆఖరి బెంచీ పిల్ల దగ్గర కూడా జవాబు ఉంటుందని నమ్మే టీచరు చూపు అది. ఆ చూపు పడితే ఎంత మొద్దు బుర్రైనా పనిచెయ్యాల్సిందే. నా బుర్రా పనిచేసింది.

"జాతీయగీతం మేడమ్."

"దానికేం?"

"అది మోగుతుంటే ఎవరూ కదలకూడదు. చేతులు దించి, నిటారుగా నిలబడాలి. మోకాళ్ళు వంచకూడదు. ఎంత పెద్దవాళ్ళైనా సరే. అది అవ్వగానే గవర్నర్ పోలీసుల గౌరవవందనం అందుకోవడానికి దిగాలి. అది నా ఉద్యోగం, నేను మిమ్మల్ని నడిపించుకుని వెళ్ళిపోతాను."

"కానీ దీవెన ముందు, గీతం తర్వాత అని ఒలోయె కార్యక్రమం మార్పించారుగా."

"అదే మంచిదైంది. ముందు వాయిస్తే ఆయన కిందే నిలబడి, అయ్యాక తీరిగ్గా ఎక్కుతారు. ఆయన మీ ఎదురుగా వచ్చి నిలబడాలి. సరిగ్గా ఆ క్షణంలో మోగాలి."

"బ్యాండు వాళ్ళు మన మాటెందుకు వింటారు తెనీ? పోలీసు బ్యాండది."

"బ్యాండ్‌మాస్టర్ పొద్దున్న నా తలకి గెలె కట్టారు మేడమ్."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "పరిగెత్తు," అంది.

పరిగెత్తాను. రాత్రి వాన పడి మైదానమంతా ఎర్ర బురద. ఒక చేత్తో గుడ్డ ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో గెలె పట్టుకుని పడుతూ లేస్తూ వెళ్ళాను. కొలాపో ఎర్ర యూనిఫాంలో, బాకాల వెనక నిలబడి, నేను పొద్దున్న పొట్లం కట్టిచ్చిన అకారా తింటున్నాడు. అలసంద వడల నూనె పెదవికి అంటింది. ఆ క్షణంలో కూడా దాన్ని తుడవాలనిపించింది. చెవిలో విషయం చెప్పాను.

"ఉద్యోగం ఊడితే?" అన్నాడు.

"నా జీతంతో అకారా తిందాం."

"వడలు వెయ్యాల్సింది నేనేగా."

"అందుకే నాకంత ధైర్యం."

నా వైపు చూసి, మిగిలిన వడ నా నోట్లో పెట్టాడు. "గుర్తేంటి?"

"తెల్ల రుమాలు ఊపుతాను. ఊపగానే మొదలెట్టు."

"సరే, తెల్ల రుమాలు." చేతులు తుడుచుకుని బ్యాండ్‌మాస్టర్ కర్ర అందుకున్నాడు.

నేను వేదిక పక్కకి చేరేసరికి చీఫ్ జడ్జి మైకు ముందున్నారు. మేడమ్ కుడిచెయ్యి ఎత్తింది. ఆయన ఒక్కో ముక్క చదవడం, ఆవిడ ఒక్కో ముక్క అనడం. "భయం గానీ పక్షపాతం గానీ లేకుండా" అన్న చోటికి వచ్చేసరికి ఆవిడ గొంతు ప్రేయర్ చేయించే హెడ్‌మిస్ట్రెస్ గొంతైపోయింది. వెనక వరసలో ఎవరో ఆడవాళ్ళు అలవాటుకొద్దీ వెంట వెంట అనేశారు కూడా. ఆఖరి మాట పూర్తయింది. మా మేడమ్ ఇక ఇలేరి రాష్ట్రానికి గవర్నర్.

జనం గోల. డప్పులు. మైకు దగ్గరున్న మనిషి ఒక్క క్షణం ఆగలేదు. "ఇప్పుడు మన తండ్రి ఒలోయె లాడిపో కొత్త గవర్నర్‌ని దీవిస్తారు," అని అరిచాడు.

ఒలోయె మెట్లెక్కారు. కర్ర, అడుగు. కర్ర, అడుగు. తొందరేమీ లేదు ఆయనకి. మేడమ్ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చామరం పక్కవాడి చేతికిచ్చి, కుడిచెయ్యి చాచారు. ఒక తల వచ్చి దాని కింద చేరుతుందని ఆ చేతికి ఎంత నమ్మకమో.

నేను రుమాలు తీసి ఊపాను.

ఏమీ కాలేదు.

ఇంకా గట్టిగా ఊపాను. కొలాపో మెడ చాచి మైదానమంతా వెతుకుతున్నాడు. అప్పుడు చుట్టూ చూశాను. మావాళ్ళకి సంతోషం వస్తే ఏం చేస్తారు? తెల్ల రుమాళ్ళు ఊపుతారు. నా పెళ్ళిలో ఊపారు, మా అక్క పెళ్ళిలో ఊపారు. ఇప్పుడూ మైదానం ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ప్రతి ఆడమనిషి చేతిలో తెల్ల రుమాలే. కొంగలు వాలిన చేనులా ఉంది. గుర్తు కోసం రాష్ట్రం మొత్తం మీద అందరి దగ్గరా ఉండే వస్తువునే ఎంచుకున్నాను.

వేదిక మీదకి చూశాను. మేడమ్ ముఖం ఒలోయె ముఖానికేసి ఉంది. నడుం గుడ్డ మీద, ఎడమ మోకాలి దగ్గర, చిన్న ముడత పడింది. ఆ ముడత పెద్దదవుతోంది.

ఎవరి కుర్చీయో తెలీదు, ఎక్కేశాను. రెండు చేతులూ తలమీదకి పోయాయి. పిన్నులు ఎటో ఎగిరిపోయాయి. కొలాపో పొద్దున్న మడత మడతగా దిద్దిన గెలె ఒక్క లాగుడుకి ఊడి వచ్చింది. పొడవైన నారింజరంగు గుడ్డ. దాన్ని తలమీద గిరగిరా తిప్పాను. కొత్త కోడల్ని, రాష్ట్రమంతటి ముందు, ఉత్త తలతో.

వాడు కట్టిన గుడ్డని వాడు ఎక్కడున్నా గుర్తుపడతాడు. కొలాపో కర్ర లేచింది.

బాకాలన్నీ ఒక్కసారి పలికాయి. రుమాళ్ళు ఆగిపోయాయి. డప్పులు ఆగిపోయాయి. మిరపకాయలమ్మేవాళ్ళు, మంత్రులు, చీఫ్ జడ్జి, అందరూ కర్రల్లా నిలబడ్డారు. మేడమ్ మోకాలి దగ్గర ముడత ఆగింది. మెల్లిగా విడిపోయింది. గుడ్డ నున్నగా, తిన్నగా అయింది. ఆవిడ నిటారుగా నిలబడింది.

ఒలోయె చెయ్యి మాత్రం గాల్లోనే ఉంది. కింద తల లేదు. ఆయన దాన్ని కాసేపు అలాగే ఉంచారు. టీవీ కెమెరాలు అన్నీ చూస్తూనే ఉన్నాయి. చివరికి ఆ చెయ్యి కొంచెం కొంచెంగా దిగి, పక్కకి చేరింది. ఇలేరి రాష్ట్రంలో ఆ చెయ్యి ఖాళీగా దిగడం ఎవరూ చూసి ఉండరు.

మామూలుగా మొదటి చరణంతో ఆపేస్తారు. మా ఆయన ఆపలేదు. మొత్తం వాయించాడు. ఆ వయసులో కర్ర మీద ఆనకుండా అంతసేపు నిలబడిన ఒలోయెని చూస్తే నాకు ఒక్క క్షణం జాలి కూడా వేసింది. ఒక్క క్షణమే.

ఆఖరి స్వరం ఇంకా గాల్లో ఉండగానే నేను మేడమ్ పక్కన ఉన్నాను. "ఇటు, యువర్ ఎక్సలెన్సీ." ఆవిడ ఒలోయెకి తల వంచి, ఎంతో మర్యాదగా "వస్తాను బాబా" అని, మెట్లు దిగేసింది. జనం అప్పుడు అరిచారు చూడండి, బ్యాండు వాళ్ళ పెద్ద డ్రమ్ము కూడా వినపడలేదు.

వరస కట్టిన పోలీసుల వైపు నడుస్తూ మేడమ్ పెదవులు కదపకుండా అంది, "తల కప్పుకో అమ్మాయ్. మీ అత్తగారు టీవీ చూస్తుంటారు."

"మీ మోకాళ్ళెలా ఉన్నాయి మేడమ్?"

"ఇప్పుడు వణుకుతున్నాయి."

సగం వరస దాటామో లేదో, గేటు దగ్గర జనం చీలిపోయారు. ఒక తెల్లకారు లోపలికి వచ్చి ఆగింది. ఎవరు దిగారో కనపడేలోపే ముందు వరస వాళ్ళ ముఖాలు చూసి నాకు తెలిసిపోయింది.

బాంజోకో. నిన్నటిదాకా గవర్నర్. వెనక పోలీసులు లేరు, లాయర్లు లేరు. తెల్లటి అగ్బడా, చేతిలో మడిచి పట్టుకున్న టోపీ. తుపాకుల మీద చేతులు పడ్డాయి. మేడమ్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

వేదిక మెట్ల కింద ఒలోయె నిలబడి ఉన్నారు. బాంజోకోని చూసి ఆయన ముఖంలోకి పోయిన రంగు తిరిగొచ్చింది. చామరం అందుకున్నారు. తన కాళ్ళ దగ్గరికే వస్తున్నాడనుకున్నారు. మేమందరం కూడా అదే అనుకున్నాం. కోర్టుల్లో లాభం లేదని తెలిసింది, క్షమాపణకి వచ్చాడు, పాపం. ఒలోయె ఒక అడుగు ముందుకు వేసి, కాళ్ళు సర్దుకుని నిలబడ్డారు కూడా.

బాంజోకో ఆయన ముందు నుంచి నడిచి వచ్చేశాడు. తల తిప్పలేదు.

మా ఎదురుగా వచ్చి ఆగాడు. మేడమ్ కన్నా పెద్దవాడు. ఆవిడే ఆయనకి రోజూ మోకాళ్ళు వంచి పలకరించేది. అగ్బడా భుజాల మీదకి సర్దుకున్నాడు. ఆ తర్వాత, పుట్టినరోజు విందులో సగం మాత్రమే వంగి పదవి పోగొట్టుకున్న ఆ నడుము మొత్తంగా వంగింది. రెండు చేతులూ, ఛాతీ, నుదురు ఎర్ర బురదకి ఆనించి, నిండుగా బోర్లా పడుకున్నాడు.

అప్పుడు మేడమ్ మోకాళ్ళు వంగాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ చెయ్యి చాచలేదు. కొత్త గుడ్డలతో ఆ బురదలోనే కూర్చుని, ఆయన భుజం పట్టుకుంది.

"లేవండి అన్నయ్యా. మీరు నాకిలా చెయ్యకూడదు. ఏం కావాలో అడగండి."

"ఏమీ అడగడానికి రాలేదు," అన్నాడు బాంజోకో. నుదుటి మీద మట్టితో తల ఎత్తాడు. గొంతు పెద్దగా లేదు, కానీ కొలాపో బ్యాండు దాకా వినిపించింది. "కోర్టులో కేసు కూడా వెనక్కి తీసుకున్నాను. కుర్చీ నువ్వే ఉంచుకో చెల్లీ. ఆ రోజు ఒలోయె ముందు నేను సగమే ఎందుకు వంగానో చెప్పిపోదామని వచ్చాను. నేల దాకా వంగేలోపు ఆయన కుర్చీ కింద ఏముందో చూశాను."

మా వెనక ఏదో మెత్తగా పడిన చప్పుడైంది. తిరిగి చూశాను.

తెల్ల చామరం బురదలో ఉంది. ఒలోయె దాన్ని తీసుకోడానికి వంగలేదు. గేటు వైపు చూస్తున్నారు. ఆ కుర్చీ కింద ఏముందో వచ్చే వారం చెబుతాను.